పదకొండు కడుపునొప్పుల కేసు

"నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా ఒక్క పొరపాటు చేసి తీరతాడు. నేను బతికుండగా నేరం చేయడమే ఆ పొరపాటు," అన్నాడు మా బావ, భూతద్దంలోంచి నా ముక్కును పరీక్షిస్తూ.

మా అక్క మొగుడు కాబట్టి ఆయన మేధస్సుకు మొదటి బాధితుణ్ణి నేనే. కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం, మిగతా వేళల్లో అపరాధ పరిశోధన. ఇంతవరకు పట్టుకున్న దొంగ ఒక్కడే. వాడూ కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషని తర్వాత తేలింది.

ఈసారి కేసు మాత్రం ఇంట్లోనే పుట్టింది. స్కూలువాళ్ళు నలభైమంది పిల్లల్ని పశువుల ఫారం చూపించడానికి తీసుకెళ్ళారు. తోడుగా వెళ్ళిన తల్లిదండ్రుల్లో మా బావా ఉన్నాడు. పిల్లలు దూడల్ని నిమిరారు, మేకపిల్లలకు గడ్డి తినిపించారు. నాలుగో రోజుకు పదకొండుమంది కడుపునొప్పితో, విరేచనాలతో మంచమెక్కారు. వాళ్ళలో మా ఆరేళ్ళ మేనకోడలు ఒకతి. మూడు రోజులు చేతికి సెలైన్ సూదితో, మంచినీళ్ళు అడిగే ఓపిక కూడా లేక పడుంది. ఆ మూడు రోజులూ నాకు ముద్ద దిగలేదు.

పశువుల నుంచి వచ్చిన క్రిమి అని డాక్టరు తేల్చాడు. తప్పు ఫారానిదేనని హెడ్మిస్ట్రెస్ అధికారులకు ఫిర్యాదు ఉత్తరం టైపు చేయించారు. అది వెళ్తే ఫారం గేటు మూతపడుతుంది. పాల అమ్మకం గిట్టుబాటు కాక, పిల్లల రాకపోకల మీదే దాన్ని నెట్టుకొస్తోంది ఫారం ఆవిడ.

మా బావకు క్రిమి నచ్చలేదు. క్రిమిని అరెస్టు చేయలేం కదా.

"ఒరే, అది ముసుగు. నలభైమందిలో పదకొండుమందికే ఎందుకొచ్చింది? ఎవడో ఏరి ఏరి కొట్టాడు. ఇది విషప్రయోగం."

నన్ను వెంటేసుకుని ఫారానికి వెళ్ళాడు. మొదటి అనుమానం ఒక మేకపోతు మీద పడింది. అది తన కళ్ళలోకి సూటిగా చూడలేదట. గడ్డి, మేక వెంట్రుకలు, రెండు రకాల పేడ ఉత్త చేతులతో ఏరి, ఖాళీ కళ్ళజోడు పెట్టెల్లో భద్రపరిచాడు. గేటు దగ్గర కుళాయి, సబ్బు, పక్కనే చేతులు కడుక్కోమని బోర్డు ఉన్నాయి. నేను కడుక్కున్నాను. తను కడుక్కుంటే సాక్ష్యం చెరిగిపోతుందన్నాడు.

అక్కడి నుంచి తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదికి. ఫారం ఆవిడ అప్పటికే వచ్చి, ఉత్తరం పంపొద్దని బతిమాలుతోంది. ఆ రోజే మళ్ళీ బడికొచ్చిన మా మేనకోడల్ని బావ సాక్షిగా పిలిపించాడు. పెట్టెలన్నీ బల్లమీద వరసగా తెరిచాడు. హెడ్మిస్ట్రెస్ కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడని ప్రకటించాడు మా బావ. ఎవరూ చావలేదని గుర్తుచేశాను. వినిపించుకోకుండా, టీ పక్కనున్న బిస్కెట్ల ప్లేటువైపు చెయ్యి చాచాడు.

ఫారం ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "పేడ చేతులతో తింటారా బాబూ? సబ్బుతో కడుక్కురండి ముందు."

మా బావ నవ్వి, జేబులోంచి చిన్న శానిటైజర్ సీసా తీశాడు. "ఈ మందు రెండు చుక్కలు చాలమ్మా. నీళ్ళతో పనిలేదు."

"ఆ రోజు మాకూ అవే వేశావు కదా నాన్నా," అంది మా మేనకోడలు.

ఏ రోజని హెడ్మిస్ట్రెస్ మెల్లగా అడిగారు.

"దూడల్ని చూసిన రోజు. కుళాయి దగ్గర లైను పెద్దదిగా ఉందని నాన్న మా గుంపుని పక్కకి పిలిచాడు. చుక్కలేసి అక్కడే బన్నులిచ్చాడు. దూడ నాకింది, చెయ్యి జిగటగా ఉంది, కడుక్కుంటానన్నాను. డిటెక్టివ్ కూతురు లైన్లో నిలబడకూడదన్నాడు."

"మట్టీ పేడా అంటిన చేతికి ఆ చుక్కలేం చేస్తాయి? సబ్బుండాలి, పారే నీళ్ళుండాలి. బోర్డు పెట్టింది అందుకే," అంది ఫారం ఆవిడ.

హెడ్మిస్ట్రెస్ ఆ రోజు గుంపుల జాబితా తీసి వేలు పెట్టి చూశారు. మంచమెక్కిన పదకొండుమందీ మా బావ గుంపే. పిల్లల్ని ఇలాంటి మేధావికి అప్పగించినందుకు తప్పులో తనకూ భాగముందని ఆవిడ ఒప్పుకోలేదు గానీ, ఉత్తరం మాత్రం నాలుగు ముక్కలు చేశారు. ఫారం ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాకు నవ్వు రావలసింది. సెలైన్ సూది గుర్తొచ్చి కోపమే వచ్చింది. మా బావ మాత్రం ఇంటికి వెళ్ళే దారిలోనే తేరుకున్నాడు. సాక్షి నోట నిజం కక్కించిన తన వ్యూహాన్ని నాకు రెండుసార్లు వివరించాడు.

ఆ సాయంత్రం పరిష్కరించిన కేసుల పుస్తకంలో దీన్ని ఎక్కించాడు. నేరం, స్థలం, బాధితులు, అన్నీ రాశాడు. నేరస్థుడి పేరు దగ్గర 'కుటుంబ కారణాల వల్ల వెల్లడించడం లేదు' అని రాసి, కిందే సంతకం చేశాడు.

మా అక్క అది చదివింది. పెన్ను తీసుకుని, ఆ వాక్యం కొట్టేసి, పైన పేరు రాసింది, ఇంటిపేరుతో సహా.