స్లోకమ్ డోనట్స్ వారి పెళ్ళి ప్రకటన

"స్లోకమ్ డోనట్స్ ఎవరినీ ద్వేషించదు. డోనట్ ముందు అందరూ సమానులే. ఇట్లు, వెర్నన్ స్లోకమ్, ప్రెసిడెంటు."

శాక్రమెంటో నగరంలోని పత్రికలన్నిటికీ ఒకేసారి అందిన ఈ చారిత్రాత్మక ప్రకటనలో స్లోకమ్ గారు స్వయంగా రాసింది సంతకం ఒక్కటే. మిగతాది డెస్మండ్ ఫేబర్ రాశాడు. పదకొండేళ్ళుగా స్లోకమ్ గారి మనసులో ఏముండాలో నిర్ణయించి, దాన్ని ప్రజలకు తెలియజెయ్యడమే అతని ఉద్యోగం.

ప్రకటన అవసరం ఎందుకొచ్చిందంటే, పెళ్ళంటే ఒక మగవాడికీ ఒక ఆడదానికీ మధ్య జరిగేదే అని రాష్ట్ర రాజ్యాంగంలో రాయాలా వద్దా అని నవంబరులో ఓటింగు పెట్టారు. రాయాలన్న 'కుటుంబ పరిరక్షణ' పక్షానికి స్లోకమ్ గారు డెబ్బై అయిదు వేల డాలర్లు చందా ఇచ్చారు. చందాదారుల పేర్లు, వాళ్ళ కంపెనీల పేర్లు ప్రభుత్వం అందరికీ కనబడేలా పెడుతుందన్న సంగతి ఆయనకు తెలియదు. ఫారంలో కంపెనీ పేరు రాయాల్సిన చోట 'నలభై ఒక్క దుకాణాలు, ఉదయం అయిదు నుంచి' అని కూడా రాశారు. ఉచితంగా వచ్చే ప్రచారాన్ని వదులుకునే మనిషి కాదు.

జూన్ నుంచి ఆ రాష్ట్రంలో మగవాళ్ళిద్దరు పెళ్ళి చేసుకోవచ్చు. డెస్మండ్ కూడా చేసుకోబోతున్నాడు. పధ్నాలుగేళ్ళుగా కలిసి ఉంటున్న గ్లెన్ ఒకామురాతో. ఓటింగులో ఓడితే ఇక కుదరదని జనం ఎగబడడంతో, పెళ్ళిళ్ళు నమోదు చేసే కౌంటీ ఆఫీసులో వాళ్ళకి ఆఖరి రోజే దొరికింది. ఓటింగు జరిగే మంగళవారమే, సాయంత్రం నాలుగింటికి. ఎవరి పుణ్యమా అని ఆ తొందర వచ్చిందో, వాళ్ళ ప్రకటనలే డెస్మండ్ రాస్తున్నాడు.

ప్రకటన వచ్చిన మర్నాటి నుంచి, కంపెనీ ఆఫీసు కూడా ఉన్న ఒకటో నంబరు దుకాణం ముందు బాయ్‌కాట్ మొదలయింది. నాయకురాలు నగర కౌన్సిలర్ రోండా పెల్. రెండు వందల మంది నినాదాల అట్టలు పట్టుకుని, "స్లోకమ్ డోనట్ ముట్టం!" అని అరిచారు. గంటన్నర అరిచాక చిన్న చిక్కు వచ్చింది. ఆ వీధి మొత్తానికి బాత్రూము స్లోకమ్ గారి దుకాణంలోనే ఉంది. దాని తలుపు మీద 'కొన్నవారికి మాత్రమే' అని బోర్డుంది.

"కొంటాం, కానీ తినం. చెత్తబుట్టలో పడేస్తాం," అని రోండా ఉద్యమానికి మార్గం చూపింది. ఆ రోజు ఒకటో నంబరు దుకాణంలో అమ్మకాలు ఇరవై శాతం పెరిగాయి. స్లోకమ్ గారు బోర్డుని పెద్దది చేయించారు.

గ్లెన్ బడిలో బ్యాండు మేష్టారు. బడి వదలగానే అతనూ అట్ట పట్టుకుని నిలబడుతున్నాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి ఆ అట్టని గొడుగుల పక్కన పెట్టి, డెస్మండ్ ఉన్న వంటింట్లోకి వచ్చాడు.

"ప్రకటన నీదేనా?"

"నాదే."

"'డోనట్ ముందు అందరూ సమానులే'. సిగ్గుగా లేదూ నీకు?"

"ఉద్యోగం గ్లెన్. రాయమన్నారు, రాశాను."

"నిన్ను పెళ్ళి చేసుకోనివ్వకుండా ఆపడానికి ఆయన అంత డబ్బు తగలేస్తే, ఆయన మంచివాడని నువ్వు రాస్తున్నావు. నేను ఎండలో నిలబడి అరుస్తుంటే లోపల కిటికీ దగ్గర నువ్వు కాఫీ తాగుతున్నావు. నా బడి పిల్లలు చూశారు తెలుసా? 'సార్, ఆయన మీ ఆయనే కదా' అన్నాడొకడు."

డెస్మండ్ కడిగిన కప్పునే మళ్ళీ కడగడం మొదలెట్టాడు.

"నీకు మాటలు బాగా వచ్చుగా," అన్నాడు గ్లెన్. "మన పెళ్ళిని పెళ్ళి అని ఆ ముసలాయన చేత ఒక్కసారి పేపర్లో అనిపించు. అప్పుడు మంగళవారం నాలుగింటికి వస్తాను."

కోపంలో అన్నాడని ఇద్దరికీ తెలుసు. కానీ డెస్మండ్ దాన్ని ఉద్యోగపు పని లాగే తీసుకున్నాడు. ఇరవై నాలుగు గంటలూ ఆ మాటే అతని బుర్రలో తిరిగింది.

చందా వెనక్కి తీసుకుంటారా అని స్లోకమ్ గారిని అడిగాడు.

"ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదోయ్," అన్నారాయన. "కావాలంటే అవతలి వాళ్ళకీ అంతే ఇస్తాను."

"రెండు వైపులా ఇస్తారా సార్?"

"ఈ వైపు డెబ్బై అయిదు, ఆ వైపు డెబ్బై అయిదు. ఇప్పుడు నాకు అభిప్రాయమే లేదు. రాసుకో."

ఒక మనిషి తన అభిప్రాయాన్ని డబ్బిచ్చి మరీ వదిలించుకోవడం ఆ నగరం చూడడం అదే మొదటిసారి. మర్నాడు ఎదుటి పేవ్‌మెంటు మీద కుటుంబ పరిరక్షణ వాళ్ళు మూడు వందల మంది చేరారు. "స్లోకమ్ ద్రోహి! స్లోకమ్ డోనట్ ముట్టం!" అన్నారు. వాళ్ళకీ గంటన్నరకే బాత్రూము అవసరమైంది. క్యూలో రెండు ఉద్యమాలూ ఒకరి వెనక ఒకరు నిలబడ్డాయి. ఒకటో నంబరు దుకాణంలో అదనంగా ఇద్దరిని పెట్టుకున్నారు.

కానీ మిగతా నలభై దుకాణాల ముందు ఎవరూ అరవడం లేదు. అందువల్ల అక్కడ ఎవరూ కొనడం లేదు. స్లోకమ్ గారికి కంగారు పుట్టింది. కంగారు పుట్టినప్పుడల్లా ఆయనకు మానవత్వం గుర్తొస్తుంది.

"డెస్మండ్! నువ్వు అదే కదూ?"

"అదే అంటే సార్?"

"అదేనోయ్. నీకూ ఆ బాజాల మేష్టారికీ మంగళవారం ఏదో ఉందటగా. దాన్ని కంపెనీ తరఫున అభినందిద్దాం. బుధవారం పేపర్లో రావాలి. ఎవరు గెలిచినా మనం మంచివాళ్ళం అయిపోవాలి. ఆ పెల్‌తో మాట్లాడాను. అభినందిస్తే బాయ్‌కాట్ ఎత్తేస్తానంది."

డెస్మండ్ వెంటనే కలం తీశాడు. అతను అడగకుండానే వరం నడిచొచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి స్లోకమ్ గారి గదిలో సమావేశం. విషయం బయటికి పొక్కకుండా కంపెనీ లాయరు అందరి ఫోన్లూ తీసుకుని సొరుగులో పెట్టాడు. డెస్మండ్ రాసిన వాక్యం చాలా చిన్నది: 'మా ఉద్యోగి డెస్మండ్ ఫేబర్, గ్లెన్ ఒకామురాల పెళ్ళికి స్లోకమ్ డోనట్స్ శుభాకాంక్షలు.'

లాయరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "'పెళ్ళి' కుదరదు. ఆ మాటకి అర్థం ఇంకోటని ప్రెసిడెంటు గారు డెబ్బై అయిదు వేలు కట్టారు."

"ఇంకో డెబ్బై అయిదు వేలు కాదని కూడా కట్టారు," అన్నాడు డెస్మండ్.

"అందుకే మధ్యస్థంగా పోదాం. 'సంతోషకరమైన సందర్భం'."

"పుట్టినరోజనుకుంటారు."

"'ఇద్దరు పౌరుల మధ్య కార్యక్రమం'."

"అదేదో బాక్సింగు పోటీలా ఉంది."

రెండయింది. మూడయింది. ఎదుటి పేవ్‌మెంటు వాళ్ళు ఏమంటారో కనుక్కోవడానికి లాయరు రెండుసార్లు బయటికెళ్ళి వచ్చాడు. రోండా పెల్ మాత్రం పెళ్ళి అన్న మాట లేకపోతే ఉద్యమం ఆగదని కబురు పంపింది. మూడున్నరకి డెస్మండ్ కోటు తీసుకుని లేచాడు.

"ఇప్పుడు వెళ్తే నా ఇష్టమొచ్చినట్టు పంపుతాను," అన్నాడు లాయరు.

డెస్మండ్ కూర్చున్నాడు. ఆలస్యమైతే అయిదు దాకా చూస్తామని కౌంటీ ఆఫీసులో గుమాస్తా చెప్పింది. ఒట్టి చేతులతో వెళ్ళకూడదు. ఆ మాట పట్టుకెళ్ళి గ్లెన్ చేతిలో పెట్టాలి. ఇంకో పది నిమిషాలు. అలాంటి పది నిమిషాలు మరో ఆరు గడిచాయి.

నాలుగున్నర దాటాక, పదకొండేళ్ళలో మొట్టమొదటిసారి, అతను బల్ల గుద్దాడు. "పెళ్ళిని పెళ్ళి అని రాస్తారా, నా రాజీనామా తీసుకుంటారా?"

స్లోకమ్ గారు మెచ్చుకోలుగా చూశారు. "రాసెయ్యోయ్. మూడక్షరాలు కూడా లేని మాటకి ఇంత గొడవేమిటి? కానీ నువ్వే పంపు, ఈయన మళ్ళీ మారుస్తాడు."

డెస్మండ్ స్వయంగా పత్రికలకు పంపాడు. ఫోను తీసుకున్నాడు. పరుగెత్తాడు. ఓట్లేసి ఇళ్ళకు పోయే కార్లతో రోడ్లన్నీ కిక్కిరిసి ఉన్నాయి.

అయిదుంపావుకి అతను చేరేటప్పటికి కౌంటీ ఆఫీసు తలుపులు మూసేశారు. మెట్ల మీద గ్లెన్, పక్కన ఊదారంగు టోపీ పెట్టుకున్న అతని తల్లి కూర్చుని ఉన్నారు. సాక్షి సంతకం కోసం ఎనభై రెండేళ్ళ ఆవిడ ఫ్రెస్నో నుంచి బస్సులో వచ్చింది.

"నీకు ఇరవై ఆరుసార్లు ఫోన్ చేశాను," అన్నాడు గ్లెన్.

"సాధించాను గ్లెన్! పెట్టించాను!"

"ఏం పెట్టించావు?"

"పెళ్ళి. ప్రకటనలో. స్లోకమ్ సంతకంతో."

గ్లెన్ తల్లిని చెయ్యి పట్టుకుని లేపాడు. "చాలా సంతోషం. రేపు పేపర్లో చదువుకుంటాం. పద అమ్మా," అన్నాడు.

ఆ రాత్రి కుటుంబ పరిరక్షణ పక్షం గెలిచింది. తెల్లారేసరికి చట్టం మారింది. పేపర్లో రెండో పేజీలో ప్రకటన పడింది, పెళ్ళి అన్న మాటతో సహా. రోండా పెల్ ఒకటో నంబరు దుకాణానికొచ్చి, ఉద్యమం ఘన విజయం సాధించిందని చెప్పి, కెమెరాల ముందు చక్కెర డోనట్ తిన్నది. ఈసారి పారెయ్యలేదు. గెలిచిన ఆనందంలో ఎదుటి పేవ్‌మెంటు వాళ్ళు కూడా పన్నెండేసి డోనట్ల పెట్టెలు కొన్నారు. నలభై ఒక్క దుకాణాలూ కళకళలాడాయి.

స్లోకమ్ గారు డెస్మండ్‌ని గదిలోకి పిలిచి కరచాలనం చేశారు. "అద్భుతం! ఆ ఒక్క మాట చేసిందోయ్ ఇదంతా. కొత్త పెళ్ళికొడుకువి, ఇవాళ ఆఫీసుకెందుకొచ్చావు?"

"పెళ్ళి జరగలేదు సార్. ఇక్కడే ఆలస్యమైపోయింది. ఇక జరగదు కూడా. దిద్దుబాటు ప్రకటన వెయ్యాలి."

"దిద్దుబాటా? మతి పోయిందా? రేపటికల్లా అట్టలు పట్టుకుని మళ్ళీ దిగుతారు!"

స్లోకమ్ గారు కిటికీ దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. వెనక్కి తిరిగేసరికి ఆ పెద్దమనిషి ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

"అయితే మీరిద్దరూ పెళ్ళి కాకుండానే ఒకే ఇంట్లో ఉంటున్నారా? మనది కుటుంబాల కంపెనీ డెస్మండ్!"

"లేదు సార్," అన్నాడు డెస్మండ్. "రాత్రి గ్లెన్ సామాను సర్దుకుని వాళ్ళమ్మతో ఫ్రెస్నో వెళ్ళిపోయాడు."

"హమ్మయ్య," అన్నారు స్లోకమ్ గారు.