మూడు మోటార్ల నక్షత్రం

ఆ ఆదివారం ఉదయం సత్యరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చి గోపురం కొసన ముందుకు పొడుచుకొచ్చి వంగిన ఇనుప కమ్మీ మీదుగా ఒక నైలాన్ దారాన్ని దాటించాలి. ఆ దారంతో మోకును, మోకుతో క్రిస్మస్ నక్షత్రాన్ని పైకి లాగాలి. గోపురం లోపలి నిచ్చెన తుప్పు పట్టిందని పాస్టరుగారు ఆ తలుపుకు తాళం వేశారు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే సత్యరాజు, దారాన్ని బొమ్మ రాకెట్టు మోసుకుపోతుందని సంఘం ముందు మాట ఇచ్చాడు.

చిక్కేమిటంటే, కిట్టులో వచ్చిన రాకెట్టు ఒక్క మోటారుది. దారం కట్టి వదిలితే నడుమెత్తు కూడా లేవలేదు. అందుకని అతడు దాని అడుగుభాగం కోసి, మూడు మోటార్లు పట్టేలా అట్టగొట్టాలు అమర్చాడు. మూడూ ఒకే క్షణంలో అంటుకోవాలి. ఒకటి మొరాయిస్తే రాకెట్టు ఆ పక్కకే ఒరుగుతుంది.

"ఇది కూడా లేవకపోతే రేపు ఆ రాకెట్ల గది ఖాళీ సెయ్యండి," అంది భార్య రెజీనా, కాఫీ గ్లాసు అందిస్తూ. "నా కుట్టుమిషన్లు వరండాలో మంచుకి తడిసిపోతన్నాయి. మీ గొట్టాలు మాత్రం ఫేను కింద పడుకుంటన్నాయి."

సత్యరాజు కాఫీ గ్లాసుతో ఆ గదిలోకే వెళ్ళిపోయాడు. లోకంలో తాను ఎవరికీ అడ్డుగా తోచని చోటు అతడికి ఆ గదొక్కటే.

సాయంత్రం ఆరాధనకు ముందే చర్చి ఆవరణ నిండిపోయింది. మోటార్లను అంటించే స్విచ్చి పెట్టె ఎలక్ట్రీషియన్ తవిటయ్య చేతిలో ఉంది.

"ఎప్పుడు నొక్కమంటారు బాబూ?"

"ఏబెల్ గారు ప్రార్థన చేస్తారు. అయ్యేక అందరూ ఆమెన్ అంటారు. అప్పుడు నొక్కు."

తవిటయ్య రామాలయం వీధి మనిషి. ఒక్క ప్రార్థనలో ఆమెన్ ఎన్నిసార్లు వస్తుందో అతడెరుగడు. ఏబెల్ గారి ప్రార్థన ఎంతసేపు సాగుతుందో బాగా ఎరిగిన సత్యరాజు, మూడో మోటారుకు తగిలించవలసిన తీగ కోసం దూరంగా కూర్చుని తాపీగా సంచి వెతుక్కుంటున్నాడు.

సంఘపెద్ద ఏబెల్ కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ చల్లని సాయంత్రాన్ని బట్టి నీకు స్తోత్రం," అని ఊపిరి పీల్చుకున్నాడు. జనం అలవాటుగా "ఆమెన్" అన్నారు.

తవిటయ్య నొక్కాడు.

రెండు మోటార్లు మాత్రమే అంటుకున్నాయి. రాకెట్టు రెండు నిప్పుతోకలతో లేచి, సాలెపోగులా మెరిసే దారాన్ని వెంటబెట్టుకుని, కమ్మీ మీదుగా దాటి, వెనుకనున్న ఖాళీ స్థలం వైపు కాక రోడ్డు వైపు ఒరిగింది. అక్కడ ఆగివున్న మాడుగుల బస్సు టాపు మీద ఎవరిదో మంచం కట్టి ఉంది. దాని నవారులో రాకెట్టు రెక్కలు చిక్కుకున్నాయి. కండక్టరు రైట్ అన్నాడు.

"ఆమెన్ అన్నారు, నొక్కేను," అన్నాడు తవిటయ్య. "నా తప్పేటుంది?"

"ఏం లేదు," అన్నాడు సత్యరాజు నేల చూస్తూ. "రెజీనా, గది రేపే ఖాళీ చేసేస్తాను."

"గది సంగతి తరవాత. ముందు పైకి సూడండి."

అతడు తలెత్తాడు. ఆవరణలో పడి ఉన్న నక్షత్రం, మనిషెత్తు వెదురుబద్దల నక్షత్రం, లోపలి బ్యాటరీ దీపాలతో వెలుగుతూ తనంతట తానే లేస్తోంది. గాలికి కాస్త తిరుగుతూ, కొబ్బరి మట్టలు దాటి, గంట దాటి, మసకబారిన ఆకాశంలోకి ఎక్కిపోతోంది. తవిటయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మీరు మర్సిపోతారని దారం ఈ కొస నేనే స్టారుకి కట్టేసేను," అంది రెజీనా గుసగుసగా. "ఈడుస్తన్నది బస్సండీ."

నక్షత్రం కమ్మీని చేరింది. ముడి కమ్మీ వంపులో బిగుసుకుంది, దారం పుటుక్కున తెగింది, రాకెట్టు మాడుగుల వెళ్ళిపోయింది. ఏబెల్ ఆఖరి ఆమెన్ చెప్పి కళ్ళు తెరిచేసరికి నక్షత్రం గోపురం మీద వెలుగుతోంది. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

రెజీనా మాత్రం చాలాసేపు పైకే చూస్తూ నిలబడింది. "సరే," అంది చివరికి. "స్టారు దింపే వరకూ గది మీదే. దింపేక నాది."

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి, నక్షత్రాన్ని దింపే రాకెట్టు ఇంకా పరిశోధనలోనే ఉంది.