కిడ్నీ వార్డుకు కాబోయే సైంటిస్టులొచ్చారు

పిల్లలకు ఒంట్లో బాగోకపోతే మీరు ఏ ఆసుపత్రికి వెళ్తారు? పెద్ద డాక్టరున్నారా, మంచి మందులున్నాయా అని చూస్తారు కదూ. ఎంత అమాయకులండీ! డిగ్రీ విద్యార్థులకు కెరీర్ పరిచయం చేసే ఆసుపత్రి దొరకాలే గానీ, ఇంక మందులతో పనేముంది?

అనుభవం మీద చెబుతున్నాను. మా చిన్నదాన్ని బడిలో వేసిన ఏడాదే దానికి కిడ్నీ జబ్బు మొదలైంది. ఒంట్లో ఉండాల్సిన ప్రొటీనంతా మూత్రంలో పోతుంది, ముఖం ఉబ్బుతుంది. మొదటిసారి ఉబ్బినప్పుడు మా అత్తయ్య "ఇన్నాళ్లకి పిల్ల కాస్త ఒళ్లు చేసిందే!" అని మురిసిపోయారు కూడా. మందులు వాడితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. ఎందుకొస్తోందని అడిగాను.

"ఇంకా పూర్తిగా తెలీదమ్మా. దీని మీద పరిశోధన చేసేవాళ్లు కావాలి" అన్నారు డాక్టరమ్మ.

ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక. ఎవరింటి బిడ్డైనా సరే, ఒక్కరు ఈ చదువు పట్టుకుంటే చాలని.

ఫలించింది! కిందటి వారం పాపకు మళ్లీ ఉబ్బి ఆసుపత్రిలో ఉంటే, ఒక్కరు కాదు, వార్డు నిండా డిగ్రీ పిల్లలు దిగారు. మడతలింకా పోని తెల్లకోట్లు. గుమ్మానికి బ్యానరు: 'కిడ్నీ పరిశోధనలో మీ భవిష్యత్తు!'

ఇంతమంది వస్తే మనకేం లాభం అంటారా? మొదటిది, గౌరవం. వాళ్లకూ నాకూ మహా అయితే అయిదారేళ్ల తేడా. అయినా ఒక్కరూ అక్కా అనలేదు, అందరూ "ఆంటీ" అనే పిలిచారు. ఈ వయసులో ఇంత పెద్దరికం ఊరికే వస్తుందా?

రెండోది, పాపకు చదువు. "ఎప్పట్నించి ఉబ్బుతోంది ఆంటీ?" అని వచ్చినవాళ్లంతా వరసగా అడగడంతో దానికి జవాబు కంఠతా వచ్చేసింది. చివరికి నన్ను నోరు విప్పనివ్వలేదు. "మా అమ్మకి సరిగ్గా చెప్పడం రాదు గానీ, నన్నడగండి" అని మొదలుపెట్టింది.

ఇక అసలు లాభం చెబుతాను. పరీక్ష కోసం ఒక పగలూ రాత్రీ వచ్చిన మూత్రమంతా డబ్బాలో పట్టమన్నారు డాక్టరమ్మ. బొట్టు పోకుండా పట్టాను. పాపను బతిమాలాను, బెదిరించాను, డబ్బాకు కాపలా కూర్చున్నాను. ఇంకాసేపట్లో ల్యాబుకు పంపాలనగా, నేనలా మందులకని వెళ్లొచ్చేసరికి డబ్బా తళతళలాడుతోంది!

"ఎవరో పారబోయడం మర్చిపోయారాంటీ. నేనే కడిగేశాను" అన్నాడొక కుర్రాడు, ఎంతో వినయంగా.

"ఏం నాయనా, పరిశోధనకొచ్చావా, పారబోతకొచ్చావా?" అన్నారు డాక్టరమ్మ.

మళ్లీ మొదటినుంచి పట్టాలి కాబట్టి మాకు ఇంకో రోజు ఆసుపత్రి భాగ్యం. ఇంట్లో అంట్లు తోమే బాధ తప్పింది! ఇలాంటి సేవాభావం ఏ మందుల షాపులో దొరుకుతుంది?

ఆఖర్న డాక్టరమ్మ అందర్నీ మా మంచం దగ్గరే నిలబెట్టి అడిగారు. "చూశారుగా. చెప్పండి, ఇందులోకి ఎవరొస్తారు?"

నేను ఒక్కొక్క మొహమూ చూస్తున్నాను.

"గుండె అయితే చెప్పుకోడానికి బాగుంటుంది మేడమ్" అంది ఒకమ్మాయి.

"నేను కంప్యూటర్ల వైపు వెళ్దామని..." అన్నాడు ఇంకొకడు.

"ఏం చదువుతున్నావని చుట్టాలడిగితే ఏం చెప్పను మేడమ్? మూత్రం అనా?" అంది మూడో అమ్మాయి. అందరూ కిసుక్కున నవ్వారు.

అప్పుడు మంచం మీంచి ఒక చెయ్యి లేచింది. ఆ చేతికి సూది గుచ్చి ప్లాస్టరు వేసి ఉంది.

"నేనొస్తా" అంది మా చిన్నది.

అబ్బ, ఆ చప్పట్లు! దాన్ని మధ్యలో కూర్చోబెట్టి ఫోటోలు దిగారు. కార్యక్రమం సూపర్ సక్సెస్ అనుకుంటూ, తేలిక మనసులతో వెళ్లిపోయారు.

ఇంక నాకు దిగులెందుకు చెప్పండి? కోరుకున్నట్టే ఒకరు దొరికారు. గుణింతాలు దిద్దడం కూడా మొదలుపెట్టింది. ఇక డిగ్రీలో చేరి, పరిశోధన చేసి, మందు కనిపెట్టేదాకా దాని కిడ్నీలను కాస్త ఓపిక పట్టమనడమే మిగిలింది.