కుడివైపు లైటు

గంగవరపుపేటలో సర్కారు ఫొటోకి కూర్చున్నప్పుడు ముఖం ఏ వైపు చీకట్లో పడితే, తెల్లారేసరికి ఆ వైపు మనిషికి ఉండదు. దీనికెవరూ గొడవపడరు. సర్కారు రూలు ప్రకారం స్టూడియోకి ఒక్క లైటే ఉండాలి, అదీ మనిషికి కుడిపక్కనే ఉండాలి. ఎడమ బుగ్గమీద సొట్ట ఉన్నవాళ్లు ముందురోజే అద్దంలో తనివితీరా చూసుకుని వస్తారు.

కోటేశ్వరి అక్కడ ఫొటోపని నేర్చుకుంటోంది. ఇమ్మానుయేలు మాస్టారు ఓపిగ్గానే నేర్పాడు. లైటు కళ్లకంటే కాస్త ఎత్తులో ఉండాలి, ముక్కు నీడ పెదవి మీదికి రాకూడదు. చీకటివైపు తెల్లటి థర్మోకోల్ అట్ట నిలబెడితే, వెలుగు దానికి తగిలి వెనక్కొచ్చి ఆ సగమూ దక్కుతుంది. అందుకే దాన్ని రెండో లైటు కింద జమకట్టి నిషేధించారు. మాస్టారు ఇప్పుడు ఆ అట్టమీద భోజనం పెట్టుకుంటున్నాడు.

ఆ వారం ఆమె తండ్రి భద్రయ్య పింఛను ఫొటోకి వచ్చాడు. ఆయన కుడికన్ను ఏనాడో పోయింది. చూసేది ఎడమదే. అదీ పోతే చూపే ఉండదు. కోటేశ్వరి అట్టకి బదులు తన తెల్లచున్నీ చాచిపట్టుకుని తండ్రికి ఎడమపక్కన నిలబడి, మాస్టారుచేత మీట నొక్కించింది. ముఖం ముడతలతో సహా నిండుగా వచ్చింది. తెల్లారినా నాన్న ముఖం చెక్కుచెదరలేదు. పని వచ్చేసిందని ఆమె సంబరపడింది.

పింఛను ఆఫీసు గుమాస్తా ఫొటోని మెచ్చుకుని వెనక్కిచ్చేశాడు.

"రెండు వైపులా ఉన్న మనిషికి పింఛనెందుకమ్మా?"

"ఆయనకి ఆ ఎడమకన్నే ఆధారమండీ."

"మరదే కదా. అది పోతే అర్హుడవుతాడు."

మర్నాడు భద్రయ్య మళ్లీ స్టూడియోకి వచ్చాడు.

"తీసెయ్ తల్లీ. మందులకి ఎన్నాళ్లని నీముందు చెయ్యి చాచను? ముందు నువ్వొకసారి ఆ వెలుగులో కూర్చో."

ఆమె కూర్చుంది. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత ఆ కుర్చీలో తాను కూర్చున్నాడు. కోటేశ్వరి చున్నీ మడిచి బల్లమీద పెట్టింది. ఏడుస్తూనే మీట నొక్కింది. నీడ ముక్కు దగ్గర తిన్నగా తెగింది.

"ఇప్పుడొచ్చింది నీకు పని," అన్నాడు మాస్టారు.

పింఛను వెంటనే మంజూరైంది. భద్రయ్య స్టూడియో బెంచీమీద కూర్చుని, ఫొటోని వేళ్లతో తడుముతూ, మిగిలిన చెంపతో నవ్వాడు.

"బాగా వచ్చిందా అమ్మా?"

"నిండుగా వచ్చింది నాన్నా," అని చెప్పి, కోటేశ్వరి తర్వాతివాళ్లని లోపలికి పిలిచింది.