పదమూడు అనుమానాలు

...పిల్లి వల్ల మాత్రం కాదు. అదొక్కటి ముందే తేల్చేసుకుంటే మిగతాది నిదానంగా ఆలోచించవచ్చు అనుకున్నాడు అతను, ఐదో తుమ్ముకీ ఆరో తుమ్ముకీ మధ్య దొరికిన ఖాళీలో. యాభై ఒక్క ఏళ్ళపాటు ఏ దుమ్ముకీ చలించని ముక్కు, మూడు వారాలుగా తెల్లవారేసరికి పేచీ పెడుతోంది. మనిషికి ఏదైనా కొత్తగా రావడానికి ఒక వయసుంటుందని అతని నమ్మకం. మీసం, ప్రేమ, కళ్ళజోడు, దేని వేళకు అది వస్తుంది. ఈ తుమ్ములు వేళ తప్పి వచ్చాయి.

ఆరో తుమ్ముకు, పొట్ట మీద పడుకున్న పిల్లి ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది.

ఆ శనివారానికి అతని పథకం చాలా చిన్నది. భార్య స్నానం ముగించేలోపు పిల్లితో ఇరవై నిమిషాలు గడపడం, తర్వాత వంటింటి కుళాయి బాగుచేయడం. మొదటిది రహస్యం. ఏడాది కిందట కూతురు దాన్ని తెచ్చిన రోజున "ఇంట్లో ఈ జంతువైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని అరిచాడు. నాలుగో రోజున అది వచ్చి ఒళ్ళో కూర్చుంటే, దిగమనడానికి నోరు రాలేదు. అప్పటికే మాట పెదవి దాటిపోయింది. అందుకని నలుగురి ఎదుట "ఆ జంతువు" అనీ, తలుపు మూశాక "నా తల్లే" అనీ పిలుస్తూ, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలాగే కాలం గడుపుతున్నాడు. ఎందుకు దాచాలో అతనికీ తెలియదు. ఒక మనిషి తన బొమ్మ ఒకటి గీసి ఇంట్లోవాళ్ళకు ఇచ్చేశాక, అందులో ఒక్క గీత మార్చినా మొత్తం తప్పని తేలుతుందేమోనని లోపల ఎక్కడో బెదురు.

స్నానాలగది గడియ చప్పుడైంది. పిల్లి కిందికి దూకింది. ఏడో తుమ్ము వచ్చింది.

"ఏడు!" అంది భార్య, తల తుడుచుకుంటూ. ఆమె ఒక బడికి హెడ్మిస్ట్రెస్. ఏ తగువునైనా గంట కొట్టేలోపు తేల్చేస్తుంది. "ఇంక నాన్చి లాభం లేదు. పిల్లి బొచ్చే. నాలుగో అంతస్తు పెద్దావిడ ఎప్పట్నించో అడుగుతోంది, రేపు ఇచ్చేద్దాం. మీరూ ఏడాదిగా అదే కదా పోరుతున్నారు?"

అతను లేచి కూర్చున్నాడు.

"అలా ఎలా ఇచ్చేస్తాం?"

"అదేంటండీ!"

"అంటే... న్యాయం అనేది ఒకటుంటుంది కదా. లిఫ్టు ఆగిపోతే ఎదురుగా కనిపించిన వైరు పీకేస్తామా?"

అతను లిఫ్టు మెకానిక్. ఇరవై ఏడేళ్ళుగా అతనిది ఒకటే పద్ధతి. అనుమానమున్న భాగాలన్నీ కాగితం మీద రాసుకుంటాడు. ఒక్కోటే విప్పి పక్కన పెట్టి లిఫ్టు నడిపి చూస్తాడు. ఏది తీస్తే రోగం కుదిరిందో అదే దోషి.

"పిల్లి వచ్చి ఏడాదైంది. తుమ్ములు మొన్న కదా మొదలైంది?" అన్నాడు గెలిచినట్టు.

"అలా లెక్క కుదరదు నాన్నా," అంది కూతురు, పళ్ళు తోముకుంటూనే. కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది. "ఇన్నేళ్ళూ సరిపడింది ఇప్పుడు పడకపోవచ్చు. అలర్జీకి వయసుతో పన్లేదు. మా క్లాసులో చూడు, పదిమందికి పది రకాలు."

"మా రోజుల్లో ఎక్కడున్నాయే ఇవన్నీ?"

"మీ రోజుల్లో మీరంతా మట్టిలో దొర్లేవాళ్ళు కదా."

"రేపు సాయంత్రం అయిదు దాకా చూస్తాను," అంది భార్య. "ఆ తర్వాత అప్పీలు లేదు."

జాబితాలో పదమూడు చేరాయి. తివాచీ, కర్టెన్లు, సోఫా మెత్తలు, రెండు పూల కుండీలు, ఉన్ని శాలువాలు, కూతురి గుడ్డ ఎలుగుబంటి, భార్య పౌడరు, ఇలా. అందులో పిల్లి లేదు. అతని సొంతవి కూడా ఒక్కటీ లేవు. అది అతను గమనించలేదు, గమనించినా జాబితా తిరగరాసేవాడు కాదు.

"ఈ పౌడరు ఇరవై మూడేళ్ళుగా మీ పక్కనే ఉంది. అప్పుడు రాని తుమ్ములు ఇప్పుడెందుకట?" అంది భార్య.

"లోపాలెప్పుడూ పాత భాగాల్లోనే వస్తాయి."

"పాత భాగాలంటే?"

అతను వెంటనే తివాచీ చుట్టే పనిలో పడిపోయాడు.

ఒక్కోటి తీసి చూడటమే పద్ధతి. కానీ గడువు ఒక రోజు. కాబట్టి మధ్యాహ్నం మూడయ్యేసరికి పదమూడూ వరండాలోకి వచ్చేశాయి. తివాచీని దులిపినప్పుడు తొమ్మిది తుమ్ములు, సోఫా మెత్తలకు ఆరు. కిందినుంచి ఇదంతా చూసిన వాచ్‌మన్, చెప్పడం తన ధర్మమనుకుని ఇంటి ఓనరుకు ఫోన్ చేశాడు. నాలుగింటికల్లా ఓనరు వచ్చాడు. వెనకాల ఒక కొత్త జంట.

"ఖాళీ చేస్తున్నట్టు ఒక్క ముక్కయినా చెప్పలేదేంటండీ?" అంటూ ఓనరు లోపలికి నడిచాడు. కొత్త ఇల్లాలు అప్పటికే కిటికీకి జానలతో కొలత వేస్తోంది. "గాలీ వెలుతురూ చూడమ్మా, ఎంత బాగుందో!" అన్నాడు ఓనరు ఆమెతో.

"మేం ఖాళీ... ఖా..." అంటూ అతను మొదలుపెట్టాడు. మాట తుమ్ముగా మారింది. ఒకటి కాదు, పదకొండు. ఎనిమిదో దానికి కొత్త ఇల్లాలు కిటికీ వదిలేసింది.

"ఈ ఇంట్లో ఏమైనా ఉందాండీ?"

"ఏముంటుందమ్మా! ఆయనకి..."

"గోడల్లో బూజు ఉంటే ఇలాగే అవుతుంది," అన్నాడు ఆమె భర్త, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని. లిఫ్టు కోసం కూడా ఆగకుండా ఇద్దరూ మెట్ల మీదుగా దిగిపోయారు.

ఓనరు మొహం జేగురించింది. "ఊళ్ళో నా ఇంటి పరువు తీశారు. తప్పు ఇంటిది కాదని డాక్టరు చేత రాయించుకు రండి. లేదంటే నిజంగానే ఖాళీ చెయ్యండి."

మర్నాడు పొద్దున్నే, ఆదివారం కూడా తెరిచి ఉండే క్లినిక్కు కూతురు అతన్ని తీసుకువెళ్ళింది. సామాను సర్దాలంటూ భార్య ఇంట్లోనే ఉండిపోయింది. డాక్టరమ్మ అతని ముంజేతి మీద వరసగా పది చుక్కలు వేసి, ఒక్కోదాని మీద సూదిమొన ఆనించి, పావుగంట చెయ్యి కదపొద్దంది. అతనికి ఆమె మీద గౌరవం పుట్టింది. ఇదీ తన పద్ధతే. కాకపోతే సోఫా మోయనక్కర్లేదు.

ఆ పావుగంటా అతను నాలుగో చుక్కనే చూశాడు. అది పిల్లిది. నోరు ఏడాదిగా అబద్ధం ఆడింది, మొహం కూడా ఆడింది. చర్మానికి మాత్రం ఆడటం రాదు. ఆ చుక్క ఉబ్బితే సాయంత్రం అయిదింటికి అంతా అయిపోతుంది. మధ్యలో ఒకసారి ఆ చుక్క దురదపెట్టినట్టే అనిపించింది. భయం కూడా దురదపెడుతుందని అప్పుడే తెలిసింది.

"ఇప్పుడు ఇవి ఇంతలా ఎందుకు పెరిగాయండీ?" అని అడిగాడు, మనసు మళ్ళించుకోవడానికి.

"ఒక్కటే కారణమని ఎవరూ చెప్పలేరండీ. తలుపులు మూసుకుని బతుకుతున్నాం. పొగ ఎక్కువైంది, పుప్పొడి రోజులూ పెరుగుతున్నాయి. పిల్లలు మట్టికీ, పశువులకీ దూరంగా పెరుగుతున్నారు. ఒంట్లో ఒక కాపలావాడున్నాడనుకోండి. దొంగెవరో చుట్టమెవరో వాడికి చిన్నప్పుడే తెలియాలి. తెలియకపోతే ఎవరొచ్చినా కర్ర తీస్తాడు."

"నేను మట్టిలోనే పెరిగానండీ."

"అయినా సరే. అన్నేళ్ళూ సలాం కొట్టి లోపలికి పంపినవాణ్ణే ఒకరోజు గేటు దగ్గర ఆపుతాడు. యాభైలో కూడా."

"ఎందుకట?"

"అది పూర్తిగా తెలిస్తే నేను ఆదివారాలు ఇంట్లో ఉండేదాన్ని," అంటూ ఆమె అతని చెయ్యి దీపం కిందికి లాగింది. "పిల్లి... ఏం లేదు. పూలూ కాదు, బూజూ కాదు. ఇదిగో, ఇది చూడండి."

ఏడో చుక్క శనగగింజంత ఉబ్బింది.

"దుమ్ములో ఉండే పురుగు. కంటికి కనపడదు. పరుపుల్లో, దిండ్లలో కాపురముంటుంది. మీ దిండు ఎన్నాళ్ళది?"

అతను గోడ మీది చార్టు చదవసాగాడు.

"నాకంటే పెద్దది డాక్టర్," అంది కూతురు. "ఎవర్నీ ముట్టుకోనివ్వరు. ఉతకడానికి కూడా."

డాక్టరమ్మ మాత్రలు రాసింది. పరుపుకు తొడుగు వేయమంది, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకమంది. తప్పు ఇంటిది కాదు, దిండుదని ఓనరు కోసం ఒక కాగితం కూడా ఇచ్చింది. అతను ఆ కాగితాన్ని బహుమతిలా పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కుతూ ఇంట్లోకి దూకాడు.

"పిల్లి కాదు!"

"ఇచ్చేశానండీ," అంది భార్య, కర్టెన్ మడత పెడుతూ.

"దేన్ని?"

"ఆ జంతువుని. మీరు అటు వెళ్ళగానే."

"అయిదింటి దాకా అన్నావు!"

"ఎప్పుడిస్తే ఏంటి? తుమ్ములు దానివల్ల కాకపోయినా, మీకు అది గిట్టదు కదా." ఆమె తల ఎత్తలేదు.

చెప్పడానికి అది మంచి సమయం. అతను నోరు తెరిచాడు కూడా. "అమ్మాయి బెంగ పెట్టుకుంటుందేమో," అన్నది నోరు.

"నాకేం బెంగ? రోజూ పైకెళ్ళి చూసొస్తా," అంది కూతురు.

కుళాయికి వాషరు కొనాలని గొణుగుతూ అతను బయటికి వచ్చాడు. వాషర్లు అమ్మే కొట్టు కిందుంది. అతను పైకి వెళ్ళాడు. తనే ఎన్నోసార్లు బాగుచేసిన లిఫ్టు పక్కనే ఉన్నా మెట్లెక్కాడు, ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి. రెండో అంతస్తులో నాలుగు వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి. మూడో అంతస్తుకు రెండు మిగిలాయి. తలుపు తట్టేసరికి ఒక్కటీ లేదు.

"ఏంటి నాయనా?" అంది పెద్దావిడ. ఆమె వెనక కుర్చీ చేతి మీద పిల్లి పడుకుని ఉంది. ఇటువైపు చూడను కూడా చూడలేదు.

"పిల్లిని... వెనక్కి తీసుకెళ్దామని."

"ఎవరికోసం?"

"మా అమ్మాయి కోసమండీ."

"అయితే అమ్మాయినే రమ్మను."

"అంటే, మా ఆవిడ..."

"తెచ్చిచ్చింది ఆవిడే కదయ్యా! పోతూ పోతూ ఏం చెప్పిందో తెలుసా? 'మధ్యాహ్నంలోపు ఆయనే వస్తారు పిన్నిగారూ. ఎవరికోసమో ఆయన నోటితో చెబితేనే ఇవ్వండి. ఏడాదిగా ఆయన చొక్కాల మీద వెంట్రుకలు ఏరలేక చస్తున్నా' అంది."

అతని చెవులు వేడెక్కాయి. ఇరవై నిమిషాల చొప్పున ఏడాదిపాటు దాచుకున్నదంతా, ప్రతి వారం ఉతికి ఆరేస్తూనే ఉన్నారన్నమాట.

"నాకోసమేనండీ," అన్నాడు.

గడప దాటి, నేల మీద చతికిలబడి, రెండు చేతులూ చాచాడు. "రా, నా తల్లే."

పిల్లి తీరిగ్గా దిగి వచ్చి, అతని చొక్కా వాసన చూసి, ఒక్క తుమ్ము తుమ్మింది.