పదిలక్షల మూడో ఫైలు

సిఫారసుకు లొంగనిదీ, మొహమాటం ఎరగనిదీ లోకంలో అంకె ఒక్కటే. అందుకే వైద్య సహాయ కార్యాలయంవారు ఫైళ్ల పంపకాన్ని అంకెలకే అప్పగించారు. నియమం సులువు. ఫైలు నంబరును ఏ కుర్చీ నంబరు శేషం లేకుండా భాగిస్తుందో, ఆ ఫైలు ఆ కుర్చీది. (రెండు కుర్చీలు భాగిస్తే చిన్నదానికే; ఒకటో కుర్చీని మాత్రం లెక్కలోకి తీసుకోరు. అందువల్ల రెండో కుర్చీ ఆయనకు నడుంనొప్పి, నలభయ్యో కుర్చీ ఆయనకు పొట్ట.)

నియమం పెట్టిన కొత్తలో, అంతా దివ్యంగా సాగుతుండగా మా వీధి దర్జీ ఆవిడ కంటి ఆపరేషన్ అనుమతికి దరఖాస్తు పెట్టింది. రెండు కళ్లలోనూ పొర. సూదిలో దారం ఎక్కించమని పక్కింటివాళ్లను బతిమాలుకుంటోంది. మిషను ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఆమె ఫైలుకు వచ్చిన నంబరు పదిలక్షల మూడు.

రెండో కుర్చీ భాగించి చూసింది, శేషం మిగిలింది. మూడోదీ అంతే. అలా చివరి కుర్చీ దాకా వెళ్లిన ఫైలు మీద ప్రతి గుమాస్తా “ఇది నాది కాదు” అని రాశాడు. ఆ కార్యాలయ చరిత్రలో ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి.

గణితం లెక్చరర్‌ను పిలిపించారు. ఆయన టీ తాగి, ఇది ప్రధాన సంఖ్య అనీ, ఒకటీ, అదీ తప్ప దీన్ని ఏదీ భాగించదనీ తేల్చాడు. పదిలక్షల మూడో కుర్చీ వేయడానికి గదిలో చోటు లేదు. ఒకటో కుర్చీ డైరెక్టరుగారిది.

“ఒకటి అన్నిటినీ భాగిస్తుందయ్యా,” అన్నారాయన కళ్లజోడు తుడుచుకుంటూ. “ఇవాళ ఇది నాదని ఒప్పుకుంటే, రేపు ఆఫీసులో ఫైళ్లన్నీ నా నెత్తినే పడతాయి.”

దర్జీ ఆవిడ రెండో కుర్చీ ముందు నిలబడి, “ఆ మూడును నాలుగు చెయ్యండి బాబూ, పుణ్యముంటుంది,” అంది.

గుమాస్తా చెవులు మూసుకున్నాడు. “ఎంతమాటన్నారమ్మా! అంకె దిద్దితే అవినీతి కాదూ?”

“మరి నా కళ్లో?”

“కళ్లు మీవే కదమ్మా, ఎక్కడికి పోతాయి?”

పోయాయి. ముందు ఎడమది, తర్వాత కుడిది కూడా మసకబారింది. ఆవిడ ఒక చొక్కాకు గుండీలన్నీ లోపలివైపు కుట్టింది. ఆ చొక్కా నాదే. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, ఆ నలభై కుర్చీల మీద మాత్రం ఒళ్లు మండిపోయింది. వీధిలో ఇంకెవరూ ఆమెకు బట్ట ఇవ్వడం లేదు.

ఏడాది చివర సమీక్షలో ఒక అద్భుతం బయటపడింది. పదిలక్షల మూడో ఫైలు ఎవరిదీ కాదు కాబట్టి, ఎవరి దగ్గరా పెండింగులో లేదు. డైరెక్టరుగారు లెక్చరర్‌ను మళ్లీ పిలిపించారు.

“ఇలాంటి నంబర్లు ఇంకా ఉన్నాయా?”

“ఎన్ని తీసినా ఇంకా మిగులుతాయి సార్. వాటికి అంతే లేదు.”

డైరెక్టరుగారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. (ఆ కుర్చీలోంచి ఆయన లేవడం అరుదు.)

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించారు. దర్జీ ఆవిడ గోడ తడుముకుంటూ వచ్చి, బంట్రోతును అడిగింది. “అందులో నా ఫైలు సంగతేమైనా రాశారా నాయనా?”

“రాశారమ్మా. ఇకమీదట అందరికీ మీలాంటి నంబరే ఇస్తారట.”