బామ్మ కనబడే భోజనశాల

ఈ శరత్కాలంలో తీరం వెంట జరిగే కోతల పండుగకూ, దానితోపాటు సాగే రుచుల యాత్రకూ విచ్చేసే అతిథులకు ప్రతి భోజనశాలలోనూ ఒక బామ్మ కనబడాలని నిర్వహణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. బామ్మ లేని భోజనశాల పేరు యాత్ర పటంలో ఉండదు. ఇది ఎంత ముందుచూపున్న తీర్మానమో వేరే చెప్పాలా? నగరవాసులకు ఆకలి ఎక్కడైనా తీరుతుంది. బామ్మ మాత్రం సముద్రపు ఒడ్డునే దొరకాలి.

పొలాల్లో కోతలింకా మొదలుకాలేదు. పండుగ తేదీ ముందే ప్రకటించేశారు కాబట్టి, ఆలస్యం చేసిన తప్పు పంటదే అయింది. సంఘంవారు ఎక్కడినుంచో ఎండుగడ్డి మోపులు తెప్పించి ఇసుకలో నిలబెట్టారు. రైతులు కూడా వచ్చి వాటి పక్కన ఫొటోలు దిగి వెళ్ళారు.

రేవు వీధి చివర ఉన్న భోజనశాలకు అదృష్టవశాత్తూ ఒక బామ్మ ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన ఆవిడకు వంటంటే ఆమడ దూరం. ఆ ఇంట్లో గరిటె మొదటినుంచీ మగవాళ్ళదే. భర్త వండేవాడు. ఆయన పోయాక కొడుకు అందుకున్నాడు. అతను వండే చేపల కూర కోసం రేవులో మూటలు దించేవాళ్ళు పని ఆపుకుని మరీ వచ్చేవారు. కోడలు వడ్డించేది. అత్తగారు కిటికీ పక్కన పేపరు చదువుతూ, లోకం ఎలా పాడైపోతోందో తినేవాళ్ళకి వివరించేది.

సంఘం అధ్యక్షుడు స్వయంగా తనిఖీకి వచ్చాడు. కూర రుచి చూడలేదు. ఆ అంశం తనిఖీలో లేదు.

“అమ్మగారూ, మీరు పొయ్యి దగ్గర నిలబడితే చాలు. ఆ కళ్ళజోడు తీసేసి, కాస్త వంగండి.”

“నా నడుముకేం రోగమొచ్చిందని వంగాలి?”

“నిటారుగా ఉన్న బామ్మని అతిథులు నమ్మరండీ.”

“వండేది మా అబ్బాయి కదా బాబూ!”

“ఆయన గోడ వెనక వండుకోవచ్చు. మాకేం అభ్యంతరం లేదు,” అని అధ్యక్షుడు పెద్దమనసుతో అనుమతి ఇచ్చాడు.

కోడలు భర్తను పక్కకి లాగింది. “ఒప్పుకోండి. పటంలో పేరు లేకపోతే సీజనంతా ఈగలు తోలుకోవాలి.”

అతను పొయ్యీ గిన్నెలూ వెనక వరండాలోకి మార్చుకున్నాడు. ముందు గదిలో బామ్మ చేతికి గరిటె, ఎదురుగా ఖాళీ కుండ మిగిలాయి.

మొదటి వారం అతిథులు కూర తిని, కళ్ళు తుడుచుకుని, బామ్మ చేతులు పట్టుకున్నారు. ఆవిడ వెనక్కి చూపించబోతే, అటు సముద్రం ఉంది కాబట్టి సముద్రానికి కూడా దణ్ణం పెట్టారు.

రెండో వారంలో ఇరుకు వరండాలో గిన్నె ఒరిగి కొడుకు చెయ్యి కాలింది. డాక్టరు కట్టు కట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నాడు. బయట యాత్ర బస్సులు ఆగి ఉన్నాయి. బామ్మ జీవితంలో మొదటిసారి కూర వండింది. చేప కింద మాడింది, పైన ఉడకలేదు.

ఆ రోజే రుచుల మహర్షి వచ్చాడు. ఊరూరా తిరిగి తిని, తిన్నదాన్ని కెమెరాకి వర్ణించడం ఆయన వృత్తి. ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. మింగుడుపడలేదని కోడలు భయపడింది.

“ఈ మాడువాసనలో తరాల కష్టం ఉంది,” అన్నాడు చివరికి. “ఈ పచ్చిదనంలో సముద్రం ఇంకా బతికే ఉంది!”

మర్నాటి నుంచి వీధిలో కాలుపెట్టే సందు లేదు. మూటలు దించేవాళ్ళు కూడా పళ్ళెం వైపు చూసి, పక్కన ఏడుస్తున్న అతిథి వైపు చూసి, “మనకే తెలియలేదుగానీ, ఏదో ఉందిరా ఇందులో,” అనుకుని సగం వదిలేసి వెళ్ళారు.

చెయ్యి నయమయ్యాక కొడుకు వరండాలోకి వెళ్ళి, తండ్రి నేర్పినట్టే ఒళ్ళు దగ్గర పెట్టుకుని వండాడు. పళ్ళేలు వెనక్కి వచ్చాయి.

“బాగుంది. అదే దీని లోపం,” అన్నాడు మళ్ళీ వచ్చిన మహర్షి. “హోటల్లో తిన్నట్టుంది.”

అధ్యక్షుడు పరుగున వచ్చి, బామ్మ రుచిని కాపాడటం పౌరుల కనీస బాధ్యత అని హెచ్చరించాడు. కోడలు భర్త భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా, “పోనీ, కాస్త మాడనివ్వండి,” అంది. చెయ్యి కాలినప్పుడు నోరు మెదపని మనిషికి ఆ మాటతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొయ్యి ఆర్పేసి మెట్ల మీద కూర్చున్నాడు.

బామ్మ వచ్చి, వెనక్కి వచ్చిన కూరే రెండుసార్లు వడ్డించుకుని తింది. “మీ నాన్న కూడా ఇంత బాగా ఎప్పుడూ వండలేదురా,” అంది. కళ్ళజోడు పెట్టుకుని, నిటారుగా నడిచి, తనకు సన్మానం పెట్టిన పండుగ ముగింపు సభకి వెళ్ళింది. శాలువా కప్పించుకోకుండానే మైకు అందుకుంది.

“నాకు వంట రాదు. మీరు మెచ్చుకున్న ఆ మాడు నాది. మీరు తినకుండా వదిలేసిన మంచి కూర మా అబ్బాయిది. ఈ సన్మానం వాడికి చెయ్యండి.”

సభలో చప్పట్లు మిన్నుముట్టాయి.

“చూశారా!” అన్నాడు అధ్యక్షుడు గద్గదస్వరంతో. “ఇంత విద్య చేతిలో ఉంచుకుని, వంటే రాదంటున్నారు! ఇదీ మన తీరపు వినయం!” అక్కడికక్కడే రెండో శాలువా తెప్పించి, దాన్నీ ఆవిడకే కప్పారు.

కొడుకు ఇప్పుడు స్టేషన్ ఎదురుగా ఉన్న క్యాంటీన్‌లో వండుతున్నాడు. అక్కడ వంటవాడి మొహం చూపించమని ఎవరూ అడగరు కాబట్టి ప్రశాంతంగా ఉంది. రుచుల యాత్ర ముగించుకుని ఆకలితో తిరిగొచ్చేవాళ్ళంతా రైలెక్కేముందు అక్కడే తింటున్నారు. మొన్న మూల బల్ల దగ్గర కూర్చుని, మూడుసార్లు కూర అడిగి వేయించుకుని, పళ్ళెం ఖాళీ చేసింది మీరే కదూ? చెయ్యి కడుక్కుంటూ పక్కాయనతో మీరన్న మాట వంటింట్లోకి వినబడింది.

“ఎంతైనా ఆ బామ్మ చేతి రుచి రాలేదండీ.”